దసరా నాడు కలెక్టరాఫీసు చూసుడు: ఒక్కసారి చేసిన పని ఇంటి ఆనవాయితీ ఎట్లయితది?

మూసీ_గట్టు
మాది సూర్యాపేట దగ్గర పల్లె. 2016ల దసరా నాడే కొత్త జిల్లాలు చేసిన్రు గద, అక్టోబర్ 11. ఆ పొద్దు మా నాయిన జమ్మి కాడికెళ్ళి రాంగనే "నడువుండ్రి, మన జిల్లా వచ్చింది, కలెక్టరాఫీసు బోర్డు చూసొద్దం" అన్నడు. అందరం ట్రాలీ ఆటోల ఎక్కి పోయినం, గేటు బయట నిలబడి బోర్డు చూసినం, ఫొటో దిగినం, వచ్చేటప్పుడు బండి కాడ మిర్చీలు తిన్నం. అయిపోయిందనుకున్న నేనైతే. మల్ల ఏడు దసరాకు మా పెద్దోడు "బోర్డు కాడికి ఎప్పుడు పోదం తాతా" అన్నడు. ఇగ అప్పటిసంది ప్రతి దసరాకూ జమ్మి ఇచ్చుకొని, పెద్దలకు మొక్కి, సూర్యాపేట పోవుడే. కరోనా ఏడు గూడ మాస్కులు పెట్టుకొని పోయినం. కలెక్టరేట్ కొత్త బిల్డింగుకు మారింది, అయినా మా నాయిన పాత గేటు కాడనే ఆపమంటడు, ఆడ చూసేటందుకు ఏం లేదు.
ఈసారి మా బావ అడ్డం తిరిగిండు. "పండుగ సాయంత్రమే హైదరాబాద్‌కు బయల్దేరకుంటే తెల్లారి చౌటుప్పల్ టోల్‌గేట్ కాడ ఇరుకుతం, ఆ బోర్డుల ఏమున్నది" అంటడు. గీ ముచ్చట ఫోన్ల విన్నకాడికెళ్ళి మా అమ్మ ఎవ్వరితోని సక్కగ మాట్లాడ్తలేదు. నాకైతే బావ మాటే కరెక్టనిపిస్తున్నది, నాయినకు మోకాళ్ళ నొప్పులు, దసరా నాడు రోడ్డు మీద తాగి నడిపేటోళ్ళు. ఇదేమన్న శాస్త్రమా? మీ ఇండ్లల్ల గిట్ల ఉట్టిగ మొదలై మెడకు చుట్టుకున్నయి ఉన్నయా, ఉంటే ఎట్ల ఆపిన్రు?

పాలమూరు_పోరడు
మీరు నయం అన్నా, కనీసం ఊరు దాటుతున్రు. మా ఇంట్ల దసరా అంటే గడియారం సెల్లు మార్చుడు. ఆయుధపూజకు బండ్లు, నాగలి, కొడవండ్లు కడుగుతరు గద, మా పెద్దనాయినకు వాచీలు రిపేరు చేసే పని, ఆయన ఇంటి గోడ గడియారం దించి తుడిచి కుంకుమ పెట్టి కొత్త సెల్లు ఏసిండు ఒకసారి. ఇప్పుడు ఆ సెల్లు దసరాకు తప్ప ఇంకెప్పుడూ మార్చద్దు. శ్రావణంల ఆగిపోతది గడియారం, బతుకమ్మ దాంక అట్లనే 4:20 చూపిచ్చుకుంట ఉంటది. ఎవలన్న ముట్టుకుంటె మా అవ్వ "దసరా రానీయ్" అంటది.

చిట్యాల_చాయ్
మా తాతది ఇంకో కత. సంక్రాంతికి భోగి ముందు రోజు హైదరాబాద్ మొత్తం విజయవాడ దిక్కు పోతది, అందరికీ ఎరికే. మా ఇల్లు 65 నంబర్ హైవేకు దగ్గర. మా తాత పొద్దుగాలనే కుర్చీ ఏస్కొని, మఫ్లర్ చుట్టుకొని, చాయ్ పట్టుకొని కూసుంటడు, పొయ్యే కార్లు చూస్తడు. పిల్లలం పక్కన. తెల్ల కారొస్తె నాది, ఎర్ర కారొస్తె నీది. ఓడినోడు పతంగి దారం చుట్టాలె. ఎవ్వలకూ పుణ్యం లేదు పురుషార్థం లేదు, ఇప్పుడు మా పిల్లలు గూడ అదే ఆట. తెల్ల కార్లు ఎక్కువైనయని ఈ మధ్య రూల్స్ మార్చిన్రు, తెల్లయి లెక్కకు రావంట.

నార్కట్‌పల్లి_జంక్షన్
@చిట్యాల_చాయ్ ట్రాఫిక్‌ను పండుగ జేసుకున్న ఏకైక కుటుంబం

వనపర్తి_మాష్టారు
అందరూ నవ్వుకుంటున్నారు బాగానే ఉంది కానీ ఒక మాట. అలవాటు వేరు, ఆచారం వేరు. జమ్మికి మొక్కడం, పాలపిట్టను చూడడం, చీటీ మీద "శమీ శమయతే పాపం" రాసి కొమ్మకు పెట్టడం, ఇవి తరతరాలుగా ఊరంతా చేసేవి. మిర్చీ బజ్జీలు తినడం, సెల్లు మార్చడం మీ సరదా. రెండింటినీ ఒకే గాట కట్టకండి. సరదా మానేస్తే ఏ దోషమూ లేదు, కాబట్టి @మూసీ_గట్టు గారు నిశ్చింతగా మానుకోవచ్చు.

పాలమూరు_పోరడు
సార్ మరి దసరా నాడు మటన్ ఏ శాస్త్రంల రాసున్నది

నార్కట్‌పల్లి_జంక్షన్
మటన్ మాట ఎత్తొద్దు తమ్మీ, పోయినేడు యాదికొస్తది. 2025ల దసరా, గాంధీ జయంతి ఒక్కటే నాడు, అక్టోబర్ 2. మటన్ దుకాణం బంద్, వైన్స్ బంద్. ముందు రోజు రాత్రి లైన్ చూడాలె, రేషన్ షాపు కాడ గూడ అంత లైన్ లేకుండె.

చిట్యాల_చాయ్
మా ఇంట్ల ముందు రోజే తెచ్చి మసాలా పట్టిచ్చి ఫ్రిజ్జుల పెట్టిన్రు, దసరా నాటికి ముక్క ఎంత మెత్తగైందంటె మా నాయిన "ఇగ ప్రతి ఏడు గిట్లనే చేద్దం" అని డిక్లేర్ చేసిండు. చూడుండ్రి ఇంకోటి పుట్టింది. గాంధీ తాత పెట్టిన ఆనవాయితీ.

వనపర్తి_మాష్టారు
ఇదేం విపరీతం అండీ, ఆయన పేరు మీద మటనా.

హాలియా_బస్టాండ్
నా బాధ ఎవ్వరికీ రావద్దు. మా ఇల్లు నల్లగొండకెళ్ళి సాగర్ పొయ్యే తొవ్వల. డ్యాం గేట్లు ఎత్తితె మా చుట్టాలందరికీ పండుగ. క్యాలెండర్ల ఉండదు, సెలవు ఉండదు, "గేట్లెత్తిన్రట గద" అని ఫోన్ వస్తది, రెండు కార్లు దిగుతయి. మొదట్ల ఎప్పుడో మా మేనమామ ఒక్కడే వచ్చిండు, చేపల పులుసు తిని పోయిండు. మల్ల ఏడు ఆయన తమ్ముడు. ఇగ లెక్క లేదు. 26 గేట్లు ఉంటయి డ్యాంకు, ఎన్ని ఎత్తిన్రో దాన్ని బట్టి మంది వస్తరు, రెండు గేట్లయితె దగ్గరోళ్ళు, అన్ని ఎత్తితె మా చెల్లె ఆడిబిడ్డ అత్తగారోళ్ళు గూడ.
నేను ఇప్పుడు వార్తలు చూసుడే దాని కోసం. ఆల్మట్టి నిండిందంటె ఇంక టైముందిలే అనుకుంట. జూరాలకు వరద అంటె ఉల్లిగడ్డ బస్తా తెస్త. శ్రీశైలం గేట్లు లేసినయంటె మా ఆమె పరుపులు ఎండకేస్తది. ఇరిగేషనోళ్ళ కంటె ముందు మాకు తెలుస్తది. మానిపిద్దమంటె ఎట్ల, నీళ్ళను ఆపలేం గద.

దేవరకొండ_వదిన
@హాలియా_బస్టాండ్ పరుపులు ఎండకేసేది మీ ఆమె, పులుసు వండేది మీ ఆమె, బాధ మాత్రం మీది. బాగుంది అన్నా.

హాలియా_బస్టాండ్
వదినా నువ్వట్లంటవని తెలుసు. కానీ విను, 2023ల పై నుంచి నీళ్ళు రాలె, గేట్లు ఎత్తలె, ఒక్క చుట్టం రాలె. నేను సల్లగున్న. మా ఆమెనే "ఈ ఏడు ఇల్లు బోసిగున్నది, ఎవ్వలూ రాకపాయె" అని రెండు మూడు సార్లు అన్నది. 2024 ఆగస్టుల గేట్లు లేస్తె ఆమెనే ఫోన్లు కొట్టింది అందరికీ.

హైటెక్_అల్లుడు
నేను ఉల్టా కేసు చెప్త. మా మామకు ఏదన్న కొత్తగ ఫ్యామిలీ ట్రెడిషన్ పెట్టాలని పిచ్చి. ఒక సంక్రాంతికి అందరికీ ఒకటే రంగు కుర్తాలు, వాట్సాప్ గ్రూపు, పొద్దున 7కు ముగ్గుల పోటీ, 9కి క్విజ్, 11కు గ్రూపు ఫొటో, మైకు గూడ తెచ్చిండు. ప్రశ్నలు గూడ ఆయనే రాసిండు, జవాబులు గూడ ఆయనకే తెలుసు. రెండో ఏడు కుర్తా ఎవ్వలకూ దొరకలె (అందరి బీరువాలల్ల ఉన్నయి). మూడో ఏడు గ్రూపుల మెసేజ్ పెడ్తె ఎవ్వలూ బ్లూ టిక్ గూడ పడనియ్యలె. కానీ ఆ మొదటి ఏడు మైకు వైరు తెగిపోతె మా బామ్మర్ది జగ్గు నోటి కాడ పెట్టుకొని కామెంట్రీ చెప్పిండు, ఆ జగ్గు కామెంట్రీ మాత్రం ఇప్పటికీ ఉన్నది. పతంగుల కాడ జగ్గు లేకుంటె ఆట మొదలు కాదు. మామకు ఆ జగ్గు చూస్తెనే మండుతది.

పాలమూరు_పోరడు
హహ జగ్గు నెగ్గింది. ఒకరు పెడ్త అంటె పడదు, దానంతట అదే పడాలె.

వనపర్తి_మాష్టారు
దానంతట అది ఏదీ పడదు బాబూ. ఎవరో ఒకరు రెండో సంవత్సరం గుర్తు పెట్టుకొని అడగాలి. @మూసీ_గట్టు గారి ఇంట్లో వాళ్ళ పెద్దబ్బాయి అడిగాడు చూశారా, అక్కడే పడింది ముడి.

కురుమూర్తి_కొండ
సార్ ఈసారి మీ మాటకు జై. మాది చిన్నచింతకుంట దిక్కు. కురుమూర్తి జాతరకు, కార్తీకంల, వడ్డెమాన్ నుంచి స్వామికి ఉద్దాలు వస్తయి, అంటె దేవుని చెప్పులు, మస్తు జనం వస్తరు ఉద్దాల నాడు. మా నాయిన మా చిన్నప్పుడు ఒకసారి పైసలు లేక బడి తెరిచినప్పుడు చెప్పులు కొనలె. జాతరకు పోయినంక పత్తి పైసలొచ్చినయి, "దేవునికి కొత్త చెప్పులొచ్చిన నాడే మీగ్గూడ" అని అందరికీ అక్కడనే కొనిచ్చె. అంతే, మల్ల ఏడు నుంచి చెప్పులంటే ఉద్దాల నాడే. పైసలున్న ఏడు గూడ. జూన్‌ల తెగితె పిన్నీసు పెట్టుకొని కార్తీకం దాంక ఈడుస్తుంటిమి. ఒక సైజు పెద్దయి కొంటుండె, ముందర ఏలి కాడ పేపరు ముద్ద జేసి కుక్కుతుండె మా అవ్వ, అది వానకు నాని పచపచ అంటుండె. ఇప్పుడు నా బిడ్డకు నాలుగు జతలున్నయి షూలు. అయినా జాతర నాడు ఒక జత కావాలె ఆమెకు, పేపరు కుక్కాలె అంటది, కరెక్ట్ సైజే ఉన్నా. ఎందుకని అడిగితె "నీగ్గూడ కుక్కిన్రట గద జేజి చెప్పింది" అంటది.

నార్కట్‌పల్లి_జంక్షన్
లేకితనం కెళ్ళి వచ్చింది వేడుకైంది. మా దాంట్ల గూడ చానా అట్లనే ఉన్నయి

దేవరకొండ_వదిన
ఇప్పుడు అసలు సంగతికి వస్త. @మూసీ_గట్టు తమ్మీ, నీ పోస్టు రెండు సార్లు చదివిన. నాయిన మోకాళ్ళు రాసినవ్, బావ ట్రాఫిక్ రాసినవ్, పెద్దోడు రాసినవ్. అమ్మ అలిగింది అని ఒక్క ముక్క. అమ్మ ఎందుకలిగిందో ఎవలన్న అడిగిన్రా?
నేను చెప్త చూడు. పెత్రమాస, అంటె భాద్రపద అమాస నుంచే బతుకమ్మ మొదలైతది మాకు. ఎంగిలిపూల నాడు పూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఆరోనాడు అలిగిన బతుకమ్మ అని జెర ఊపిరి, మల్ల వేపకాయలు, వెన్నముద్దలు, ఆఖరుకు సద్దుల నాడు ఇగ చెప్పద్దు, చింతపండు పులిహోర ఒకటి, నువ్వుల సద్ది ఒకటి, పెరుగు సద్ది, మలీద. గునుగు కోసి కట్టలు కట్టి కొసలు సమానం కత్తిరిచ్చి రంగుల ముంచాలె, చేతులు వారం దాంక నీలిరంగే ఉంటయి. పీట మీద తాంబాళం, గుమ్మడాకు పరిచి తంగేడు వరుస పెట్టి లోపల ఆకు నింపుకుంట రావాలె, లేకుంటె చెరువు కాడికి పోకముందే ఒక పక్కకు ఒరుగుతది. ఒకటి రెండు రోజులకే దసరా. ఎనిమిది కిలోల మటన్, బగార, గారెలు. మొగోళ్ళు జమ్మికి పోయొచ్చి కూసుంటరు, వడ్డిచ్చాలె. ఆడోళ్ళు తినేసరికి బగార అడుగంటింది మిగులుతది. అట్ల ఉన్న మనిషిని ఆటోల ఎక్కిచ్చుకొని పోయి, బండి కాడ కుర్చీ ఏసి, ఇంకొకలు వండిన మిర్చీ చేతిల పెడ్తున్రు. ఏడాదికి ఒక్కనాడు. మీకు అది బోర్డు. ఆమెకు అది కుర్చీ. అందుకే మానద్దంటది, నోరు తెరిచి "నేను అలిసిన" అని చెప్పలేదు గద ఆ తరమోళ్ళు.

పాలమూరు_పోరడు
వదిన కొట్టిన దెబ్బకు థ్రెడ్ మొత్తం సైలెంట్

గద్వాల_జరీ
ఆరోనాడు అలిగిన బతుకమ్మ గూడ ఎవలింట్లనో నిజంగ ఎవలో అలిగి మొదలై ఉంటది ఊరంతటికీ అంటుకున్నది అని నా డౌటు

దేవరకొండ_వదిన
మా దిక్కు ఎన్కట పూలకు మాంసం తాకింది అందుకే అలిగింది అని చెప్తరు. కానీ నీ డౌటు గూడ బాగనే ఉన్నది, నేనైతే ఆ రోజు నిజంగనే అలుగుత, వంట మా ఆయనతోని చేపిస్త. కొన్నేండ్లసంది నడుస్తున్నది. పిల్లలు దానికి "అమ్మ అలిగే రోజు" అని పేరు పెట్టిన్రు, ఉప్మా తప్ప ఆయనకు ఏం రాదు, అందుకె ఆ రోజు ఉప్మానే ప్రసాదం.

వనపర్తి_మాష్టారు
పండుగకు అర్థాలు మనమే మార్చుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుందమ్మా.

చిట్యాల_చాయ్
సార్ బతుకమ్మను రాష్ట్ర పండుగ అని ప్రభుత్వం చెప్పింది 2014ల. అంతకు ముందు ఎవ్వలు చెప్పిన్రని ఆడిన్రు మన అవ్వలు? ఎవలి ఇంటి కాడ వాళ్ళు, చెరువు కాడ కలిసి, పాటలు గూడ ఊరికో తీరు. కొన్ని ఊళ్ళల్ల ఏడోనాడే సద్దులు. అన్నీ ఒకప్పుడు ఎవలో ఇంట్ల మొదలైనయే.

వనపర్తి_మాష్టారు
పేర్చడం, గౌరమ్మ, పాట, నీళ్ళలో సాగనంపడం, ఇవి మారలేదు కదా. నేననేది ఆ వెన్నెముక గురించి. ఉప్మా గురించి కాదు.

మక్తల్_టు_పుణె
నేను పుణెల ఉంట, మా నాయిన కాలం సంది కన్‌స్ట్రక్షన్ పనులకు ఇటే. మాకు దసరా కన్న పీర్ల పండుగ పెద్దది, ఊరికి రావాల్సిందే, హిందువులం తురకలం తేడా లేదు అందరం అలావ, అంటె నిప్పుల గుండం చుట్టూ ఎగురుతం. మా నాయిన ఒక ఏడు వచ్చేటప్పుడు ఏం తేవాల్నో తెల్వక స్టేషన్ కాడ బాకర్‌వడి పొట్లం తెచ్చె. మా జేజి దాన్ని మలీద పక్కన పెట్టి పీర్లకు చూపిచ్చి అందరికీ పంచింది. ఇప్పుడు మా గల్లీల పిల్లలకు పీర్లంటే బాకర్‌వడి. మా జేజి పోయినంక గూడ. పక్కింటి వాళ్ళు నన్ను చూడంగనే సంచి దిక్కు చూస్తరు.
ఇంకోటి, అది ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతది గద. 2010ల డిసెంబర్‌ల వచ్చె, చలికి అలావ నిప్పుల కాడికెళ్ళి లేవబుద్ధి కాకపోతుండె, ఆడనే గొంగడి కప్పుకొని పండుకునేటోళ్ళం, ఆ రాత్రి ఇంట్ల పండుకునుడు లేదు అన్నట్టు రూలయింది. 2025ల జులైల వచ్చె. వాన. అయినా ఇంట్ల పండుకోవద్దు గద, అందుకని అందరం అరుగు మీద ఇరుక్కొని, కాళ్ళు బయటికి, కాళ్ళు తడుస్తున్నయి. చలి పోయింది, నిప్పులు పోయినయి, బయట పండుకునుడు మిగిలింది.

కురుమూర్తి_కొండ
ఇంకొన్నేండ్లకు ఎండకాలం దాంక వస్తది అన్నా, అప్పుడు హాయిగ పండుకోండ్రి

అచ్చంపేట_అడవి
మా నల్లమలల సలేశ్వరం జాతరకు పోయినోళ్ళున్నరా? చైత్ర పున్నమికి, ఏడాదికి కొన్ని రోజులే పోనిస్తరు అడవిల. బండ్లు ఆపినకాడికెళ్ళి లోయలకు నడకనే. ఎక్కేటోళ్ళు దిగేటోళ్ళు ఎదురైనప్పుడు పొయ్యేటోళ్ళు "వస్తున్నం లింగమయ్యా" అని, వచ్చేటోళ్ళు "పోతున్నం లింగమయ్యా" అని అరుస్తరు. మా పిల్లలు రెండేండ్ల కింద వచ్చిన్రు, అప్పటిసంది ఇంట్లకెళ్ళి బండి కదిలితె చాలు "వస్తున్నం లింగమయ్యా". డీమార్ట్ పోయినా అదే. పోయిన నెల మా తమ్ముని పెండ్లి చూపులకు పోతుంటె కార్ల మొత్తుకున్నరు, పిల్లోళ్ళ ఇంటి ముందు దిగేటప్పుడు గూడ. పిల్ల నవ్వింది. సంబంధం కుదిరింది.

హైటెక్_అల్లుడు
లింగమయ్య దయ

పాలమూరు_పోరడు
మాష్టారు సార్ మీ ఇంట్ల ఏదో ఒకటి ఉండే ఉంటది, చెప్పుండ్రి, మేం నవ్వం

వనపర్తి_మాష్టారు
ఉంది. ఉగాది నాడు పంచాంగ శ్రవణం నేనే చేస్తాను. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం రాశుల వారీగా చదివితే పిల్లలు నిద్రపోయేవారు. ఒకసారి మా మనవడు చీటీల మీద సొంతంగా ఇంటి పంచాంగం రాసి తెచ్చాడు. వాళ్ళ నాన్నకు "ఆదాయం 2, వ్యయం ఆన్‌లైన్ షాపింగ్". నాకు "రాజపూజ్యం 0, అవమానం 14". ఇప్పుడు భక్షాలు తిన్న తర్వాత ఆ చీటీలు చదివితే తప్ప మా ఇంట్లో ఎవరూ లేవరు. నా అవమానం మాత్రం ఏటేటా పెరుగుతోంది.

దేవరకొండ_వదిన
ఇది ఉప్మానా వెన్నెముకనా సార్

వనపర్తి_మాష్టారు
నేను చదివేది శాస్త్రం. వాడు చదివేది ఉప్మా.

మూసీ_గట్టు
వదిన మాట విని నిన్న అమ్మ కాడ కూసొని అడిగిన, "అమ్మా నీకు ఆ పూట వంట తప్పుతదనేనా" అని. నవ్వింది. "వంటకేముందిరా, ఇంటికొచ్చినంక మల్ల అన్నం పెట్టాల్సిందే మీకు" అన్నది. కొద్దిసేపు ఊకుని "పెద్దమ్మ కోసం" అన్నది.
మా పెద్దమ్మ, అంటె అమ్మ వాళ్ళ అక్క, సూర్యాపేటలనే ఉంటది. భూమి కాడ లొల్లి అయ్యి మా నాయినకు పెద్దనాయినకు మాటలు లేవు చానా ఏండ్ల సంది. రాకపోకలు బంద్. పెండ్లిళ్ళకు గూడ పిలుసుకోరు. ఆ మొదటి దసరా నాడు మేం మిర్చీ బండి కాడ ఉంటె పెద్దమ్మ కూరగాయల సంచితోని అటు పోయింది, ఇద్దరు మాట్లాడుకున్నరు, నాకు అంతే యాదికున్నది. మల్ల ఏడు గూడ కలిసింది. ప్రతి ఏడు కలుస్తది. నేను పక్కనే ఉంట, మిర్చీలు తింటుంట. ఊరు చిన్నది, పండుగ నాడు అందరు బజార్లనే ఉంటరు అనుకునేది. ఆమె గంట ముందొచ్చి ఆ బండాయన దగ్గర స్టూలు ఏపిచ్చుకొని కూసుంటదంట. మా అమ్మ కొంగున జమ్మి ఆకు కట్టుకొని పోతది, అక్క చేతిల పెట్టి మొక్కుతది. నాయినకు తెలుసంట. తెలిసే ఆ పాత గేటు కాడనే ఆపమంటడట, ఎందుకంటె బండి ఆడనే ఉన్నది.

పాలమూరు_పోరడు
అన్నా

చిట్యాల_చాయ్
నాయిన మొండోడే కానీ మంచోడు

నార్కట్‌పల్లి_జంక్షన్
ఇంటికి పోతె ఓడిపోయినట్టు, బండి కాడయితె ఎవ్వలు ఓడిపోయినట్టు కాదు. మా ఇంట్ల గూడ అన్నదమ్ములు చెరువుగట్టు జాతరల్నే మాట్లాడుకుంటరు. నడకదారిల కలుస్తరు, గుడి కాడ మాట్లాడుతరు, కిందికి దిగినంక ఎవలి బండి వాళ్ళది. ఊర్ల మల్ల మాటలు బంద్.

దేవరకొండ_వదిన
తమ్మీ పెద్దమ్మ సంగతి నిజమే ఉంటది. కానీ కుర్చీ సంగతి గూడ నిజమే, ఇంకోసారి అడుగు. మల్ల "ఇంటికొచ్చినంక అన్నం పెట్టాల్సిందే" అన్నది గద, ఆ మాట విన్నవా లేదా? మిర్చీలతోనే కడుపు నింపుకొని రాండ్రి ఈసారి, లేకుంటె మీరే వండుండ్రి.

మూసీ_గట్టు
విన్న వదినా. బావకు గూడ చెప్పిన. ఆయన తెల్లారి పొద్దుగాల నాలుగింటికి బయల్దేరుతడట, అప్పుడు టోల్‌గేట్ ఖాళీగనే ఉంటది. వచ్చినంక అన్నం మా అక్క నేను పెడ్తం. నాయినకు చెప్పకుండ్రి, ఆయన గూడ ఈ వేదికల ఉంటడు.

హాలియా_బస్టాండ్
గంత నమ్మకమేంది, ఆయన చదివే ఉంటడు

గద్వాల_జరీ
నాది కొంచెం వేరే సంగతి, ఇక్కడనే అడుగుత. మా పుట్టిల్లు మిర్యాలగూడ. పెండ్లయి గద్వాల వచ్చిన. మా అత్తగారి ఇంట్ల బతుకమ్మ సద్దుల నాడొక్కటే, అది గూడ చిన్నగ. తొమ్మిది రోజుల లెక్క లేదు. నాకేమో ఐదో రోజు అట్లు పోయకుంటె ఏదో పోయినట్టుంటది, మా అమ్మ పెనం కాడ కూసోని పోస్తుంటె మేం వరుసల కూసోని ఎవలది ముందు అని కొట్టుకునేది. ఇక్కడ మొదలు పెట్టాలంటె ఎట్ల? అత్తమ్మ మంచిదే కానీ "మా ఇంట్ల లేదు" అంటె ఇగ అంతే.

హైటెక్_అల్లుడు
ముందు చెప్పకు. మా మామ చేసిన పని అదే, ఇది ఇగ మన ట్రెడిషన్ అని మైకుల చెప్పిండు, ఖతం.

కురుమూర్తి_కొండ
పిల్లలున్నరా ఇంట్ల? బావ పిల్లలున్నా సరే. వాళ్ళకు పెట్టు. మల్ల ఏడు వాళ్ళే అడుగుతరు, నువ్వు అడిగే పని లేదు.

గద్వాల_జరీ
మా బావగారి పిల్లలు ఇద్దరున్నరు, చిన్నోడు తిండిపోతు

కురుమూర్తి_కొండ
ఆ చిన్నోడు చాలు

వనపర్తి_మాష్టారు
అట్ల బతుకమ్మ శాస్త్రోక్తమే, పోయమ్మా. మీ అత్తగారు అడిగితే మాష్టారు చెప్పారని చెప్పు.

దేవరకొండ_వదిన
ఒక్క మాట. మొదటి ఏడు ఎంత మందికి పోస్తవో మల్ల ఏడు అందరికీ పొయ్యాలె, యాదుంచుకో. వాడకట్టు మొత్తాన్ని పిలవకు. పిండి రాత్రే నానబెట్టుకో, మీ ఆయన్ను పెనం కాడ కూసోబెట్టు మొదటి రోజు నుంచే. మొదటి రోజు కూసున్నోడే ఎప్పటికీ కూసుంటడు.

గద్వాల_జరీ
ఆయనకు అట్టు తిప్పుడు రాదు వదినా, ముద్దయితది

పాలమూరు_పోరడు
ముద్దయితె ఇంకా మంచిది అక్కా, పిల్లలకు యాదుంటది